మనుషులూ, మేకలూ, పురుగులూ

నమోదు 1. సోమవారం, వ్యాన్ వచ్చిన రోజు

బయటి దుమ్ము రాకుండా పైన తెర కప్పిన ఏలీము అనే ఈ ఊళ్లో బోధకుడిగానూ బడిపంతులుగానూ ఉన్న యెహెజ్కేలు అనే నేను, పురుగులను పెంచి ఊళ్లకు పంపే కేంద్రం వారు అడిగినట్టు, పురుగుల పాఠం సంగతులు ఎప్పటికప్పుడు రాస్తున్నాను. నేను బడికి పోయినవాణ్ణి కాను. బోరు లారీ మీద బండలు తొలిచిన చేతులివి. అక్షరాలు దేవుని వాక్యంలోనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. కనుక ఈ రాతలో ప్రసంగం వాసన వస్తే కేంద్రం వారు ఓర్చుకోవాలి.

వ్యాన్ జొన్న మూటలతో పాటు ఒక చిన్న పెట్టె దించి పోయింది. పెట్టెలో తడిగుడ్డ, గుడ్డలో కరివేపాకు రెబ్బలు, ఆకుల మీద ఆవగింజల్లాంటి పసుపు చుక్కలు. గుడ్లు. సీతాకోకచిలుక గుడ్లు. పెట్టె ముందు మోకరించాను. ఈ నేల మీద పాకేదీ ఎగిరేదీ ఏదైనా చూసి ఎన్నేళ్లయిందో. మన తండ్రులు మందు డబ్బాలు వీపున వేసుకుని పొలం పొలం తిరిగారు. దేవుడు పుట్టించి, బాగుందని సంతోషించిన ప్రతి పురుగునూ తుడిచిపెట్టారు. ఆ లెక్క ఇప్పుడు మన పిల్లల దగ్గర వసూలవుతోంది.

అది ఎలాగో కూడా రాస్తాను. తేనెటీగలు లేవు కనుక సొర, గుమ్మడి, బీర, ఏ పూవుకూ పిందె పడదు. అందుకని పిల్లలు పొద్దున్నే కోడి ఈక పట్టుకుని మగపువ్వు పుప్పొడి తీసి ఆడపువ్వుకు అద్దుతారు. పందిరి కింద దూరడానికి పెద్దవాళ్ల ఒళ్లు పట్టదు, మా వేళ్లకు ఆ నేర్పు లేదు. తెర కింద గాలి కదలదు. పుప్పొడి అంతా పిల్లల రొమ్ములోకి పోతుంది. ఊరంతా పుప్పొడి దగ్గు. అందరికంటే ఎక్కువ మిర్యాము కూతురు కెజియాకు. ఎనిమిదేళ్ల పిల్ల, దగ్గు మొదలైతే పెదాలు నీలంగా మారతాయి.

కేంద్రంలో ఉన్న ఫణి అనే అబ్బాయి వైర్‌లెస్‌లో నాకు విషయం వివరించాడు. పోయిన ఏడు ఒక ఊరికి తేనెటీగల పెట్టెలు పంపితే అక్కడి పిల్లలు దడుచుకుని చెప్పులతో కొట్టి చంపేశారట. అందుకని ఇప్పుడు ముందు సీతాకోకను పంపుతున్నారు. పిల్లలు తమ చేతులతో దాన్ని గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు దాకా పెంచాలి. ఆ రెండో తరం గుడ్లు పిగిలి పురుగులు బయటికి వస్తే ఆ ఊరికి తేనెటీగలు వస్తాయి. తేనెటీగలు వస్తే పిల్లలు పందిరి కిందికి దూరనక్కరలేదు.

మిర్యాము పెట్టె దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ చీరకు తుడుచుకుని, మూత మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

నమోదు 2. బుధవారం

పాఠం మొదలుపెట్టాను. పాలు తేనెలు పారే దేశం గురించి చెబుతుంటే, తేనె అంటే ఏంటయ్యా అని అడిగారు. మిడతలు తిని అరణ్యంలో బతికిన ప్రవక్త దగ్గర మళ్లీ ఆగాల్సి వచ్చింది. మిడత నేలపై దుమికి దుమికి ఎలా పోతుందో ఈ వయసులో నేనే దుమికి చూపించాను. దీనమ్మ వంటకొట్టం గుమ్మంలో నిలబడి పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వంటకొట్టం ఆమెదే, ఊరందరికీ వండేది ఆమే. నేను ఒకరిని పేరు పెట్టి గద్దిస్తే తిరిగి గద్దించేది కూడా ఊళ్లో ఆమె ఒక్కతే.

నేల మీద ముగ్గుతో పెద్ద చక్రం గీశాం. ఒక పక్క ఆవగింజలు పోసి గుడ్లన్నాం. ఒక పక్క నలిపిన జొన్నపిండి ముద్దను పొడుగ్గా చేసి పురుగన్నాం. చింతగింజకు దారం కట్టి పుల్లకు వేలాడదీసి గూడన్నాం. నాలుగో చోట ఏం పెట్టాలో ఎవరికీ తెలియలేదు. రెక్కలున్నది ఏదీ వాళ్లు చూడలేదు, మా కోళ్లు తప్ప. చివరికి రెండు రంగు గుడ్డముక్కలు నడుమ ముడేసి పెట్టాం.

తర్వాత గూడు ఆట. ఒక్కొక్కరినీ దుప్పట్లో బిగించి చుట్టి పడుకోబెడతాను. కదిలినవాడు ఓడినట్టు. నేను పిలిచినప్పుడు విప్పుకుని లేచి చేతులు చాపాలి. కెజియా ప్రతిసారీ ఓడిపోయింది. దుప్పట్లో దగ్గు ఆపుకోలేక చుట్టంతా అదిరింది. అందుకని ఆమెకు ఆకు పని అప్పజెప్పాను. పురుగులు వచ్చాక రోజూ కరివేపాకు కోసి, తడి తుడిచి, పళ్లెంలో పరచడం. ఇంక నువ్వు పువ్వుల దగ్గరికి పోనక్కరలేదని చెప్పాను. ఆ పిల్ల ఆ పనిని లేవీయుడు దేవుని మందసం మోసినట్టు నెత్తిన పెట్టుకుంది.

నమోదు 3. శనివారం

పిగిలాయి. గోధుమ రంగు మీద తెల్ల చార, అచ్చం పిట్ట రెట్టలా. పిట్టలు పోయాయి గానీ ఈ వేషం మాత్రం ఇంకా వేసుకునే పుడుతున్నాయి. శత్రువు చచ్చినా కవచం విడవలేదు. ఆదివారం దీని మీదే మాట్లాడతాను.

నమోదు 4. గురువారం

పురుగులు పచ్చబడి నా చిటికెన వేలంత అయ్యాయి. తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ము బయటికి తోస్తాయి, పుల్లటి వాసన కొడుతుంది. పిల్లలు ఆ వాసన కోసం ముక్కులు ఆనిస్తున్నారు. కెజియా ఒక్కొక్కదానికి పేరు పెట్టింది. అన్నీ వాక్యంలోని పేర్లే. పన్నెండు గోత్రాలూ అయిపోయాక న్యాయాధిపతుల్లోకి పోయింది.

అవి ఆకు తినే చప్పుడు వినబడుతుంది. చెవి దగ్గర పెడితే సన్నటి వాన పడ్డట్టుంటుంది.

దీనమ్మ గొడవ మొదలుపెట్టింది. చెట్లు నాలుగే, పురుగులకు పోను తాళింపులోకి రెబ్బ మిగలడం లేదట. మనుషులకు సప్పిడి కూడు, పురుగులకు విందా అంది. అరణ్యంలో ఆకాశం నుంచి కురిసిన మన్నా తిని కూడా సణిగిన జనాన్ని గుర్తు చేశాను. "వాళ్లకు వండి పెట్టిందెవరో ఆ వాక్యంలో రాసుందా అయ్యా?" అంది. రాసి లేదు. అయినా సాయంత్రానికి ఆమే నాలుగు రెబ్బలు తెచ్చి కెజియా గంపలో వేసి పోయింది.

నమోదు 5. సోమవారం

ఊరి మీద దేవుని చెయ్యి పడింది. వారం నుంచి సొరపూలు పిందె కట్టకుండా రాలిపోతున్నాయి. పందిరి కిందికి దూరే పిల్లల్లో సగం మంది మంచాల మీదే ఉన్నారు. కెజియా ఆకు పనికి మాత్రం వస్తోంది గానీ, వచ్చేటప్పుడు వాళ్లమ్మ చంకనెత్తుకుని తెస్తోంది. వ్యాన్ వచ్చే దాకా జొన్నలు చాలవని పెద్దలు కలవరపడుతున్నారు.

ఈ ఉదయం పీఠం ఎక్కాను. నా నోట్లో అగ్ని ఉంది. నలభై ఏళ్లుగా ఉన్న అగ్నే. ఒక పట్టణం మీదికి తీర్పు వచ్చినప్పుడు దాని రాజు గోనె కట్టుకుని బూడిదలో కూర్చున్న సంగతి చెప్పాను. అతను మనుషులకే కాదు, పశువులకు, మందలకు కూడా మేత, నీళ్లు మానిపించాడని చెప్పాను. మనం మూడు రోజులు ఉపవాసం ఉంటాం, మనుషులమూ ఉంటాం, మేకలూ ఉంటాయి, నీళ్లు తప్ప ఏదీ ఏ నోటికీ పోకూడదు, ఈ తెర కింద ఊపిరి ఉన్న ప్రతిదీ ఆకలితో ఆయన ముందు నిలబడాలి అన్నాను. మేకల అరుపు ఆయన చెవిన పడాలి అన్నాను. పాలు తాగే బిడ్డలను, జబ్బువాళ్లను మాత్రం వదిలిపెట్టాను.

ఉపవాసం ఉన్న ప్రభువు దగ్గరికి వచ్చి రాళ్లను రొట్టెలు చేసుకుని తినమన్నది శోధించే దయ్యమేనని కూడా చెప్పాను. ఈ మూడు రోజుల్లో మీ దగ్గరికి ఎవరైనా వచ్చి తిను అంటే, ఆ వచ్చినవాడు ఎవరి ముఖంతో వచ్చినా సరే, వాడెవడో గుర్తుపట్టండి అన్నాను.

 దగ్గు కూడా ఆగింది.

ఇప్పుడు ప్రార్థన గదిలోకి పోయి తలుపు వేసుకుంటున్నాను. ఉపవాసంలో ఉన్నవాణ్ణి ఎవరూ పిలవకూడదన్నది మా కట్టడి.

నమోదు 6. గురువారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

మూడో సాయంత్రం గది తెరిచి బయటికి వచ్చాను. మేకలు కంచె పట్టుకుని అరుస్తున్నాయి. బడి పాకలో పిల్లలు పళ్లెం చుట్టూ కూర్చుని పాట పాడుతున్నారు. నన్ను చూసి ఆపారు. కెజియా గంప మూత మీద కూర్చుని ఉంది. పెదాలు ఎండి చీలి ఉన్నాయి. జబ్బు పిల్ల, ఉపవాసం వదిలేసిన పిల్ల, అయినా మూడు రోజులూ ఉంది. మిర్యాము ఎంత బతిమాలినా నోరు విప్పలేదట.

"అయ్యా, అవి గూడా ఉపాసం ఉన్నాయి," అంది కెజియా. "ఒక్క కొరుకు గూడా కొరకలేదు. ఆకు కోసం తల లేపి లేపి చూసినాయి. నేను పెట్టలేదు. గంప మింద నేనే కూసున్యా."

పళ్లెంలో అవి వాలిపోయి ఉన్నాయి. కొన్ని మెత్తబడి నల్లగా మారి, కొన్ని ముడుచుకుని. పళ్లెం అంచు మీద కొన్ని తల పైకెత్తినట్టే ఎండిపోయి ఉన్నాయి. పుల్లటి వాసన లేదు. వేరే వాసన.

రెండు మాత్రం పుల్లకెక్కి, నడుముకు సన్న దారం కట్టుకుని గూడైపోయాయి.

నేను బయటికి వచ్చి పాక గోడ పట్టుకున్నాను. దీనమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె కళ్లు కూడా లోపలికి పోయి ఉన్నాయి.

"మేకలకు ఆకు ఆపమన్నారు గదా, పురుగులకు ఊపిరి లేదా అక్కా అని పిల్లోళ్లు అడిగినారయ్యా," అంది. "నేనేం చెప్పాల? ఊపిరున్నెదల్లా అని మీరే అంటిరి. రెండో దినం మీ తలుపు కాడికొచ్చి నిలబన్యా. కొట్టల్యా. కొట్టగూడదని గదా కట్టడి."

అనకపోయినా అర్థమైంది. ఆ తలుపు చెక్కకు ఇటు నేను ఊరి పిల్లల ఊపిరి కోసం ఏడుస్తున్నాను. అటు ఆమె చెయ్యెత్తి దించుకుంది. బడి పాకలో, పళ్లెంలో సన్నటి వాన ఆగిపోయింది.

ఊపిరి ఉన్న ప్రతిదీ అంటే మేకలనే అనుకున్నాను. ప్రభువా, నేను మేకలను మాత్రమే అనుకున్నాను.

నమోదు 7. ఆదివారం

పిల్లలకు నిజం చెప్పాలని నిద్ర లేచాను. మీరు చేసింది తప్పు కాదు, నేను చెప్పింది తప్పు, ఆకలితో చచ్చాయి, నా మాట వల్ల చచ్చాయి. ఇది చెప్పాలని మాటలు కూర్చుకున్నాను.

మా దగ్గర ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. ఎవరికి దేవుడు మేలు చేశాడో లేచి చెబుతారు. ఎప్పుడూ లేవని కెజియా లేచింది. వాళ్లమ్మ భుజం పట్టుకుని నిలబడి, ఊపిరి తీసుకుంటూ తీసుకుంటూ చెప్పింది. మేము ఉపవాసం ఉన్నాం, మా పురుగులు కూడా మాతో ఉన్నాయి, దేవుడు చూసి రెండిటికి గూడు ఇచ్చాడు, మిగతావాటిని తన దగ్గరికి తీసుకున్నాడు. నిన్న మధ్యాహ్నం సొరపందిరిలో ఒక పిందె కనపడింది, అది కూడా ఉపవాసం వల్లే.

ఊరంతా స్తోత్రం అంది. మిర్యాము ఏడ్చింది. ఆ తల్లి ముఖం మీద నేను ఆర్నెల్లలో చూడని వెలుగు.

నేను పీఠం పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. తెరిచాను. స్తోత్రం అన్నాను.

నమోదు 8. మంగళవారం

ఫణితో మాట్లాడాను. అతను నన్ను మాస్టారూ అంటాడు. ఎన్ని మిగిలాయని అడిగాడు. చెప్పాను. ఏం జరిగిందని అడిగాడు. అదీ చెప్పాను.  ఆ తర్వాత ఎంతో నెమ్మదిగా చెప్పాడు. ఆ రెండూ అప్పటికే కడుపు నిండా తిన్నవై ఉంటాయట. గూడు కట్టే ముందు అవి ఎలాగూ తినడం మానేస్తాయట. ఉపవాసం వాటిని కాపాడలేదు, వాటి దాకా రాలేదు. అంతే.

"ఉన్నదున్నట్టు రాయండి మాస్టారూ," అన్నాడు. రాస్తూనే ఉన్నాను.

ఒక గూడు నల్లబడింది. ఇంకొకటి ఇంకా పచ్చగానే ఉంది.

నమోదు 9. శుక్రవారం

బయటికి వచ్చింది.

పిల్లలూ నేనూ పుల్ల చుట్టూ నేల మీద బోర్లా పడుకున్నాం. గూడు గాజులా పలచబడి, లోపల నలుపూ పసుపూ కనబడింది. తల దగ్గర చీలింది. తడిసిన గుడ్డముక్కలా ఏదో జారి, పుల్ల పట్టుకుని వేలాడింది. రెక్కలు మెల్లగా సాగాయి. నల్లటి రెక్కల మీద పసుపు మచ్చలు, కింద అంచున ఒక ఎర్రటి కన్ను.  కెజియా మంచం మీద నుంచి దిగలేకపోతే మిర్యాము ఎత్తుకొచ్చి నా పక్కన పడుకోబెట్టింది. ఆ పిల్ల చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది.

అది ఎగిరి సొరపువ్వు మీద వాలింది. పువ్వు మీద వాలింది. పుప్పొడి దాని కాళ్లకు అంటడం నా కళ్లతో చూశాను. పెద్దవాళ్లు ప్రార్థనలో పాడే గుడారం పాట ఎత్తుకున్నారు. నేను వాళ్లతో పాడాను. కాసేపు అన్నీ మరిచిపోయాను. దేవుడు క్షమిస్తే క్షమిస్తాడు, ఆ కాసేపు నాకు కావలసి వచ్చింది.

నమోదు 10. సోమవారం

కరివేపాకు లేత చిగుళ్ల మీద గుడ్లు పెట్టింది. పిల్లలు చక్రం మళ్లీ గీసి, మొదట పెట్టిన ఆవగింజల చోట చుట్టూ గంతులేశారు. కథ చుట్టు తిరిగి వచ్చిందయ్యా, తేనెటీగలు వస్తాయయ్యా అని ఊరంతా పరుగెత్తారు. మిర్యాము వంటకొట్టంలోకి పోయి దీనమ్మను కౌగిలించుకుందట.

నేను వైర్‌లెస్ దగ్గరికి పోయాను. ఫణి విని, ఒక్కటే కదా బతికింది అని అడిగాడు. ఒక్కటే అన్నాను.

"మగది లేకుండా పెట్టిన గుడ్లు మాస్టారూ. అవి పిగలవు."

ఇంకో పెట్టె పంపమన్నాను. బతిమాలాను. నేను మనిషిని బతిమాలడం ఇదే మొదలు. మీ తర్వాత ఎన్నో ఊళ్లు వరసలో ఉన్నాయి, మళ్లీ మీ వంతుకు ఏళ్లు పట్టొచ్చు అన్నాడు. మా దగ్గర ఒక పిల్లకు అన్ని ఏళ్లు లేవన్నాను. తన చేతిలో లేదన్నాడు. 

తెర అంచుకు పోయి బయటి దుమ్మును చూస్తూ అరిచాను. ఇన్నాళ్లూ నీ మాట మోసిన నోటితోనే చంపించావా అని అడిగాను. ఆ పట్టణాన్ని వదిలేశావు, వాళ్ల పశువుల మీద కూడా జాలిపడ్డావు, ఈ నాలుగు పురుగుల మీద నీకు జాలి లేకపోయిందా అని అడిగాను. జవాబు వస్తుందని అడగలేదు.

నమోదు 11. శనివారం

కెజియా మంచం పక్కన ఒక గిన్నెలో నీళ్లు పోసి, గుడ్లున్న రెబ్బను నిలబెట్టారు. ఆమే కావాలంది. పిగిలే ముందు గుడ్డు నల్లబడుతుందని నేనే నేర్పాను. ఎప్పుడు నల్లబడతాయా అని కళ్లు తిప్పకుండా చూస్తోంది. గుడ్లు నల్లబడలేదు. లోపలికి సొట్టలు పడ్డాయి.

ఈరోజు చెప్పాను. మంచం పక్కన కూర్చుని, మిర్యాము వింటుండగా చెప్పాను. ఈ గుడ్లలో ఏమీ లేదమ్మా. ఇంక తేనెటీగలు రావు. ఆ పురుగులు దేవుడు తీసుకున్నందుకు పోలేదు, ఆకు లేక పోయాయి. పురుగులు ఉపవాసం ఉండకూడదు. నేను చెప్పకూడని మాట చెప్పాను, మీరు విన్నారు. తప్పు నీది కాదు, నాది.

మిర్యాము గోడ వైపు తిరిగిపోయింది. 

కెజియా చాలాసేపు గుడ్ల వైపు చూసింది. ఊపిరి గొంతులో గీసుకుంటూ వచ్చి పోతోంది. ఆలోచిస్తోంది. నా బడిలో ఏ పిల్లా అంత శ్రద్ధగా ఆలోచించడం నేను చూడలేదు.

"అయితే మూడు దినాలు సాల్లేదేమో అయ్యా," అంది.

కాదమ్మా అన్నాను. అది కాదు అన్నాను. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆమె తల ఊపుతూ విన్నది. పెద్దవాళ్లు తొందరపడి మాట్లాడితే పిల్లలు ఓపిగ్గా వింటారే, అలా విన్నది.

మిర్యాము జొన్న గంజి తెచ్చింది. కెజియా పెదాలు బిగించి తల పక్కకు తిప్పుకుంది. గిన్నె నేను తీసుకున్నాను. స్పూనుతో తీసి, ఊది, నోటి దగ్గర పెట్టాను. 

"తినమ్మా," అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. భయపడలేదు. నన్ను గుర్తుపట్టినట్టు, తిను అనే ఆ వచ్చినవాడు నా ముఖంతో వచ్చాడని తెలిసినట్టు, కొంచెం నవ్వింది. నోరు మాత్రం తెరవలేదు.

గంజి చల్లారింది. మిర్యాము తీసుకుపోయి వేడి చేసి తెచ్చింది. మళ్లీ చల్లారింది. స్పూను పట్టుకుని ఇక్కడే కూర్చుని ఉన్నాను.